చంటిపాపకు గుడ్డా? డైపరా?

పాలంపేట రామప్ప గుడిని మీలో చాలామంది చూసే ఉంటారు. చూసినవారికి అక్కడ తప్పక వినిపించే మాట ఒకటుంది. గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీటిమీద తేలుతాయట! ఆ మాట నిజమే. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు క్రీ.శ. 1213లో కట్టించిన ఈ గుడి బరువు తగ్గించడానికి శిల్పులు శిఖరంలో తేలికైన ఇటుకలు పేర్చారు. వాటి నిండా సన్నని గాలి గదులు. గాలి లోపల నిలిచి ఉన్నంతసేపు ఇటుక సాంద్రత నీటి సాంద్రతకన్న తక్కువ. కాబట్టి అది తేలుతుంది. 2021లో ఈ గుడి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పాలంపేట వరంగల్ జిల్లా అని మేము చదువుకున్నాం. 2019 నుండి అది ములుగు జిల్లా.

ఆ ఇటుకల సంగతి మాట్లాడుకుంటూ నేనూ, మా తొమ్మిదో తరగతి పిల్లలూ రామప్ప చెరువు కట్టమీద నడుస్తున్నాం. గడ్డిలో తెల్లగా ఉబ్బి పడివున్న ఒక మూటను ఒక కుర్రవాడు కాలితో తన్నాడు. అది పగిలి, లోపలినుండి నిగనిగలాడే ముద్ద బయటపడింది.

"సార్, ఇదేంది? తాటిముంజ లెక్కున్నది!"

అది తాటిముంజ కాదు. గుడి చూడవచ్చిన వారెవరో పారవేసిన చంటిపిల్లల డైపరు. రాత్రి కురిసిన వానకు తడిసి అంతలావు అయింది. పిల్లలు ముక్కు మూసుకొని దూరం జరిగారు. కాని ఆ ప్రశ్న మాత్రం మావెంట బడికి వచ్చింది. ఇటుకలోనూ ఖాళీలున్నాయి, డైపరులోనూ ఖాళీలున్నాయి. ఒకటి నీటిని లోపలికి రానీయక తేలుతుంది. రెండోది నీటిని బయటికి పోనీయక ఉబ్బుతుంది. ఎందుకు?

ఆ రోజుల్లోనే మా ఇంట్లో ఇదే వస్తువు గురించి మరో వాదం నడుస్తున్నది. మా అమ్మాయి పురిటికి వచ్చింది. మనుమడు పుట్టి పన్నెండు రోజులైంది. మా ఇంటావిడ ట్రంకు పెట్టె తెరిచి తన పాత నూలు చీరలన్నీ బయటికి తీసింది. "ముగ్గుర్ని ఈ గుడ్డల మీదనే పెంచిన" అంటుంది. అమ్మాయేమో, "రాత్రి ఎనిమిదిసార్లు లేస్తున్నానమ్మా, డైపరు వేస్తే కనీసం మూడు గంటలైనా నిద్రపోతాను" అంటుంది. ఇద్దరూ నావంక చూశారు. సైన్సు పంతులుకు ఇలాంటప్పుడు ఒకటే దారి. ప్రయోగం చేసి చూడడం!

పత్తి నీటిని ఎలా పట్టుకుంటుంది?

మొదటి ప్రయోగం మీరూ చేయవచ్చు. చేలో కాయ పగిలిన పత్తిని గింజ తీసి, ఒక చిటికెడు నీళ్ల గిన్నెలో వేయండి. మందుల దుకాణంలో దొరికే దూదిని అంతే తీసుకొని పక్క గిన్నెలో వేయండి. మందుల దుకాణం దూది క్షణంలో తడిసి మునుగుతుంది. చేలో పత్తి నీటిమీద తేలుతూనే ఉంటుంది. రెండూ పత్తేగదా, ఈ తేడా ఎందుకు?

పత్తిపోగు పైన ప్రకృతి పూసిన సన్నని మైనపు పొర ఉంటుంది. మైనం నీటిని దగ్గరికి రానీయదు. దూదిని తయారుచేసేటప్పుడు క్షారంతో ఉడికించి ఈ మైనాన్ని తీసివేస్తారు. మైనం పోయిన పోగులో మిగిలేది సెల్యులోజు. సెల్యులోజు అణువు పొడవునా హైడ్రాక్సిల్ సమూహాలుంటాయి. వాటికి నీటి అణువులంటే మహా ఇష్టం. అదిగాక, పోగు నడుమ ఒక సన్నని గొట్టం ఉంటుంది. పోగుకూ పోగుకూ మధ్య సందులుంటాయి. లాంతరు వత్తిలో కిరోసిను పైకి పాకినట్లే, ఆ సందుల్లోకి నీరు దానంతట అదే పాకుతుంది. మీ పాఠ్యపుస్తకంలో దీన్నే కేశనాళికీయత అన్నారు.

ఇప్పుడు మా ఇంటావిడ పాత చీరల గొప్పతనం అర్థమవుతుంది. కొత్తబట్టకు గంజి ఉంటుంది. ఎంతోకొంత మైనం కూడా మిగిలి ఉండవచ్చు. ఏళ్ల తరబడి ఉతికిన బట్టలో ఈ రెండూ పోతాయి, పోగులు మెత్తబడి విచ్చుకుంటాయి. కొత్త పంచె మీద ఒక నీటిబొట్టు వేసి అది ఇంకడానికి ఎన్ని సెకండ్లు పడుతుందో లెక్కపెట్టండి. పాత పంచె మీద మళ్లీ లెక్కపెట్టండి. మా పిల్లలు చేస్తే పాత పంచె మీద బొట్టు కనబడనే లేదు. పాలియెస్టరు చీర మీద అదే బొట్టు ముత్యంలా దొర్లి కిందికి జారింది. ఈ రోజుల్లో 'పాతచీర' అనగానే నూలుచీర అనుకోరాదు. ఇళ్లలో ఉన్న వాటిలో సగానికిపైగా పాలియెస్టరువో, కలనేతవో. చంటిపాప కింద అవి వేస్తే ఏమి లాభం?

వరంగల్లులో 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు నూలుబట్టలకు పేరుపడ్డది. మా చిన్నతనంలో దాని బట్ట లేని ఇల్లుండేది కాదు. మిల్లు మూతపడింది గాని, పత్తి మాత్రం మన చేలల్లో ఇంకా విరివిగా పండుతూనే ఉంది.

తరువాత కొలత. 50 గ్రాముల పాత నూలుగుడ్డను బడి త్రాసులో తూచి, నీటిలో ముంచి, చుక్కలు కారడం ఆగేదాకా వేలాడదీసి మళ్లీ తూచాం. దాదాపు 190 గ్రాములు వచ్చింది. అంటే 140 గ్రాముల నీరు పట్టింది. కాని ఆ గుడ్డను పిడికిట్లో పెట్టి ఒక్క నొక్కు నొక్కితే సగం నీరు జారిపోయింది. సందుల్లో నిలిచిన నీరు ఒత్తిడికి నిలవదు. పాపాయి కదిలినా, దానిమీద పడుకున్నా ఆ నీరే తిరిగి చర్మాన్ని తడుపుతుంది.

ముంజలాంటి ఆ ముద్ద ఏమిటి?

ఇప్పుడు డైపరు. వాడనిది ఒకటి తెచ్చి కత్తిరించాం. పైన మెత్తని పల్చని పొర. అది బట్ట కాదు, నేయకుండా అతికించిన పాలీప్రొపిలీన్ దారాలు. అది నీటిని తనలో ఉంచుకోక కిందికి దింపుతుంది. నడుమ చెట్ల గుజ్జునుండి చేసిన మెత్త. ఆ మెత్తలో ఉప్పురవ్వలవంటి తెల్లని రేణువులు కలిసి ఉన్నాయి. అట్టడుగున పాలిథీన్ పొర.

అసలు కిటుకంతా ఆ రేణువుల్లో ఉంది. వాటిపేరు సోడియం పాలీఅక్రిలేటు. ఇదొక పాలిమరు, అంటే చిన్న అణువులు గొలుసులా కలిసి ఏర్పడిన పెద్ద అణువు. గొలుసు పొడవునా రుణావేశం గల సమూహాలు, వాటి పక్కనే ధనావేశం గల సోడియం అయానులు ఉంటాయి. పొడిగా ఉన్నప్పుడు గొలుసు ముడుచుకొని ఉంటుంది. నీరు తగలగానే సోడియం అయానులు విడివడి నీటిలో తిరగడం మొదలుపెడతాయి. గొలుసుమీద మిగిలిన రుణావేశాలు ఒకదాన్నొకటి వికర్షిస్తాయి. గొలుసు విప్పారుతుంది. లోపల అయానుల గాఢత ఎక్కువ కాబట్టి, ద్రవాభిసరణంవల్ల మరింత నీరు లోపలికి వస్తుంది. ఎండుద్రాక్షను నీళ్లలో నానవేస్తే ఉబ్బినట్లన్నమాట. గొలుసులన్నీ అక్కడక్కడ ఒకదానికొకటి ముడిపడి వలలా ఉన్నందున కరిగిపోవు, ముద్దగా నిలుస్తాయి. ఈ నీరు సందుల్లో నిలిచినది కాదు, వల కన్నుల్లో చిక్కినది. అందుకే నొక్కినా అంతగా రాదు.

మేము చేసిన కొలత ఇది. మా డైపరు పొడి బరువు 28 గ్రాములు. పట్టి ఉంచిన వాననీరు 800 మిల్లీలీటర్లు పోసినా కింద చుక్క పడలేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అయితే చంటిపిల్లలు వాననీరు పోయరుగదా! లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు కలిపి ఆ నీరు పోసిచూశాం. 400 మిల్లీలీటర్ల దగ్గరే కారడం మొదలైంది. ఉప్పునీటిలో బయటకూడా అయానులున్నాయి. లోపలికీ బయటికీ గాఢతలో తేడా తగ్గింది, కాబట్టి నీటిని లాగే శక్తీ తగ్గింది. శుద్ధమైన నీటిని తన బరువుకు కొన్ని వందల రెట్లు పీల్చే ఈ పదార్థం ఉప్పునీటిని ముప్ఫై నలభై రెట్లే పీలుస్తుంది. ఉబ్బిన ముద్దమీద రెండు చెంచాల ఉప్పు చల్లిచూడండి. కొంతసేపటికి అది కరిగి నీరు వదులుతుంది. ఆ రేణువులు కంట్లోగాని, ముక్కులోగాని పడకుండా జాగ్రత్తపడండి. ప్రయోగం చేసిన ముద్దను తూములో పోయకండి. ఉబ్బి అడ్డుపడుతుంది.

ఈ వస్తువుకు పెద్ద చరిత్రేమీ లేదు. అమెరికాలో మేరియన్ డోనవన్ అనే తల్లి స్నానాలగది పరదాను కత్తిరించి కుట్టి, గుడ్డమీద తొడిగే నీరు కారని తొడుగును తయారుచేసింది. 1951లో దానికి పేటెంటు పొందింది. విక్టర్ మిల్స్ అనే రసాయన ఇంజనీరు మనుమల గుడ్డలు మార్చి మార్చి విసిగి, వాడి పారవేసే రకాన్ని గురించి ఆలోచించాడంటారు. ఆయన పనిచేసిన ప్రోక్టర్ అండ్ గాంబుల్ కంపెనీ 1961లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని పియోరియా పట్టణంలో 'పాంపర్స్' ను అమ్మిచూసింది. ఒక్కొక్కటి పది సెంట్లు. అంత ధర పెట్టి కొనేవారు లేక మొదట దెబ్బతిన్నది. విచిత్రమేమంటే, నీటిని వందల రెట్లు పీల్చే పదార్థంమీద అమెరికా వ్యవసాయశాఖ పరిశోధన జరిపిన ప్రయోగశాల కూడా ఆ పియోరియాలోనే ఉంది. వాళ్లు మొక్కజొన్న పిండిపదార్థానికి కొత్త ఉపయోగాలు వెదుకుతూ దాన్ని కనుగొన్నారు. పొలాల్లో తేమ నిలపడానికి పనికివస్తుందనుకున్నారు. అటువంటి పదార్థాన్ని మన ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థవారు కూడా 'పూసా హైడ్రోజెల్' పేరుతో తయారుచేశారు. మెట్టపొలాల్లో విత్తనాలతోపాటు వేస్తారు. 1980ల నాటికి జపాను, అమెరికా కంపెనీలు ఇటువంటి రేణువులను డైపర్లలో కలపసాగాయి. అంతకుముందున్న లావుపాటి డైపరు అప్పుడే పల్చబడింది.

మన పల్లెల్లోకి ఇవి వచ్చి ఎన్నో ఏళ్లు కాలేదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం సర్కారు ఆసుపత్రిలో కాన్పయిన తల్లులకు ఇవ్వడం మొదలుపెట్టిన కె.సి.ఆర్. కిట్టులో తువ్వాళ్లు, దోమతెర, సబ్బులతోపాటు డైపర్లు కూడా ఉండేవి. చాలా ఇళ్లలో మొదటి డైపరును చూడడం అలాగే జరిగింది.

ఎర్రబడిన చర్మం

"డైపరు వేస్తే పుండ్లు పడతాయి" అని మా ఇంటావిడ వాదం. "తడిగుడ్డ మీద పడుకున్నా పడతాయి" అని అమ్మాయి జవాబు. ఇద్దరూ చెప్పింది నిజమే!

మన చర్మం కొంచెం ఆమ్లగుణం కలది. ఆ ఆమ్లమే దానికి కాపలా. మూత్రంలో యూరియా ఉంటుంది. మలంలోని కొన్ని బాక్టీరియాలు యూరియాను విడగొట్టి అమ్మోనియా చేస్తాయి. తెల్లవారి తీయని గుడ్డనుండి ముక్కుపుటాలదిరే వాసన వస్తుందే, అదే అమ్మోనియా. ఒకప్పుడు అమ్మోనియాయే చర్మాన్ని కాలుస్తుందని అనుకునేవారు. 1980లలో జరిగిన పరిశోధనలు కథను సరిదిద్దాయి. అమ్మోనియావల్ల ఆమ్లగుణం పోయి క్షారగుణం పెరుగుతుంది. ఆ క్షారంలో మలంలోని ఎంజైములు చురుకవుతాయి. ఆహారంలోని మాంసకృత్తులను, కొవ్వును జీర్ణంచేసే ఎంజైములే ఇక్కడ పాపాయి చర్మంమీద పనిచేయసాగుతాయి! తడిసి మెత్తబడిన చర్మం వాటికి తేలికగా లొంగుతుంది. దానిమీద కాండిడా అనే శిలీంధ్రం పెరిగితే ఎర్రని పొక్కులు లేస్తాయి.

కాబట్టి ముద్దాయి గుడ్డా కాదు, డైపరూ కాదు. తడి, మలం, గడిచిన కాలం, ఈ మూడూ కలవడమే కారణం. చర్మాన్ని పొడిగా ఉంచడంలో డైపరుది పైచేయి. ఆ మాట దాచడం న్యాయం కాదు. అయితే పైకి పొడిగా కనబడుతుంది కాబట్టి, ధర ఎక్కువ కాబట్టి, ఉదయం వేసిన డైపరును సాయంత్రందాకా ఉంచేస్తారు. గుడ్డ అలా కాదు. తడవగానే పాప ఏడుస్తుంది, తల్లి మారుస్తుంది. గుడ్డమీద రబ్బరుషీటో, ప్లాస్టిక్ చెడ్డీనో బిగించి కడితే మాత్రం రెండింటి చెడుగులూ ఒకచోట చేరతాయి.

గుడ్డవల్ల మరో మేలుంది. తల్లిపాలు సరిపోతున్నాయా లేదా అని తెలుసుకోవడానికి తేలికైన గుర్తు మూత్రమే. పుట్టిన వారం తరువాత పాప రోజుకు కనీసం ఆరుసార్లు గుడ్డ తడపాలి. గుడ్డలు లెక్కపెడితే ఇది తెలిసిపోతుంది. పీల్చి దాచుకునే డైపరులో ఈ లెక్క దొరకదు. పసిబిడ్డ నీరసంగా ఉండి గుడ్డ తడవడం తగ్గితే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ట్రంకు పెట్టెలో ప్రమాదం

ఇక ఈ వ్యాసం రాయడానికి నన్ను కూర్చోబెట్టిన అసలు సంగతికి వస్తాను. మా ఇంటావిడ చీరలు తీసి మడతలు పెట్టి మంచంమీద పేర్చింది. ఆ మధ్యాహ్నం బిడ్డను చూడటానికి వచ్చిన ఆశా కార్యకర్త గడపలో అడుగుపెట్టగానే, "కలరా ఉండల వాసనేంది సారూ?" అని అడిగింది. చీరల మడతల్లో చిమ్మటలు కొట్టకుండా వేసిన తెల్లని గోళీలు అవి. ఆమె ఆ గుడ్డలన్నీ చేత్తో తీసి బయట తీగెమీద వేసివచ్చి, "పసిబిడ్డ కిందికి ఇవి పనికిరావు" అన్నది. ముప్ఫై ఏళ్లు రసాయనశాస్త్రం చెప్పిన నాకు ఆ ఆలోచనే రాలేదు. సిగ్గుపడ్డాను.

కలరా ఉండల్లో ఉండేది నాఫ్తలీన్. కరగకుండానే ఆవిరయ్యే పదార్థం, ఉత్పతనానికి ఉదాహరణగా మీకు చెప్పేది ఇదే. ఆ ఆవిరి బట్టలో చేరి నిలుస్తుంది. పసిబిడ్డ దాన్ని పీలుస్తాడు. పల్చని చర్మంగుండా కూడా అది లోపలికి పోతుంది. ఒంటికి నూనె రాసి ఉంటే మరింత తేలికగా పోతుంది, ఎందుకంటే నాఫ్తలీన్ నూనెలో కరుగుతుంది. శరీరంలో అది మారి ఏర్పడే పదార్థాలు ఎర్రరక్తకణాలపై దాడి చేస్తాయి. ఆ దాడినుండి కణాలను కాపాడే వ్యవస్థలో జి6పిడి అనే ఎంజైముది ముఖ్యపాత్ర. కొందరిలో పుట్టుకతోనే ఈ ఎంజైము కొరతగా ఉంటుంది. దాని జన్యువు ఎక్స్ క్రోమోజోముమీద ఉండడంవల్ల ఈ లోపం మగపిల్లల్లో ఎక్కువగా బయటపడుతుంది. అటువంటి బిడ్డకు నాఫ్తలీన్ తగిలితే ఎర్రకణాలు పెద్దఎత్తున పగిలిపోతాయి. రక్తం తగ్గుతుంది. కణాలు పగిలి వచ్చిన బిలిరుబిన్ అనే పసుపురంగు పదార్థం పెరిగి కామెర్లు ముదురుతాయి. మరీ ఎక్కువైతే అది మెదడుకు చేరి శాశ్వతంగా దెబ్బతీస్తుంది. ప్రాణానికే ముప్పు రావచ్చు. మలేరియా తరతరాలుగా ఉన్న ప్రాంతాల ప్రజల్లో ఈ ఎంజైము కొరత ఎక్కువ. అడవి ప్రాంతమైన మన ఏజెన్సీలో మలేరియా ఎరగని ఊరు ఏది?

ఏ బిడ్డకు ఈ లోపం ఉందో చూపుతో తెలియదు. అందుచేత చంటిపిల్లల గుడ్డల్లో, పక్కబట్టల్లో, బొంతల్లో కలరా ఉండలు వేయనే వద్దు. చిమ్మటల భయముంటే ఎండు వేపాకు వేసుకోండి, తీసేటప్పుడు దులిపి ఉతకండి. మా చీరలు ఉతికి వారంరోజులు ఎండలో వేసినా మనుమడి దగ్గరికి రానీయలేదు. నా పాత పంచెలు నాలుగు చింపి ఇచ్చాను.

ఉతికేవారెవరు?

గుడ్డ వైపు మాట్లాడేవారు చాలామంది ఈ ప్రశ్న దాటవేస్తారు. రోజుకు పదిహేను, ఇరవై గుడ్డలు. వాటిని ఒకప్పుడు చాకలి స్త్రీలు తీసుకువెళ్లి, చౌడుమట్టి కలిపి బానలో ఆవిరిపట్టి ఉతికేవారు. చౌడులో ఉండేది ముఖ్యంగా సోడియం కార్బనేటు, అంటే మన బట్టలసోడా. క్షారం, వేడి కలిసి మురికిని వదిలించి క్రిములను చంపేవి. వాళ్ల శ్రమకు ఊరు ఇచ్చింది చాలా తక్కువ. ఇప్పుడు ఆ పని తల్లిదో, అమ్మమ్మదో. పత్తి ఏరడానికి పోయి సాయంత్రం వచ్చిన తల్లిని గుడ్డలు ఉతకలేదని తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఇంట్లో మగవారు, అన్నలు చేయి వేస్తే లెక్క మారుతుంది. ఆ నెలలో నేను రోజూ బకెట్టు పట్టుకున్నాను. అందుకే ధైర్యంగా రాస్తున్నాను.

ఉతకడంలో మొదటి సూత్రం: మలాన్ని ముందు మరుగుదొడ్డిలో పోయాలి. "పాలుతాగే పిల్లలది ఏం కాదు" అని వాకిట్లోనే జాడిస్తారు. అది పొరపాటు. విరేచనాలు కలిగించే క్రిములు పసిపిల్లల మలంలోనూ ఉంటాయి. బోరింగు దగ్గర, బావిగట్టున, చెరువులో ఈ గుడ్డలు ఉతకరాదు. తరువాత సబ్బుతో ఉతికి, వీలైతే మరిగే నీళ్లలో పెట్టి, సబ్బు పూర్తిగా పోయేదాకా రెండుసార్లు జాడించాలి. మిగిలిన సబ్బు క్షారమే, చర్మాన్ని మండిస్తుంది. బట్టలు మెత్తబడడానికి టీవీలో చూపే ద్రవం అసలు వద్దు. అది పోగులమీద కొవ్వుపొర వేస్తుంది. పత్తిపోగు మైనంకోసం మళ్లీ చేలోకి పోయినట్లే, గుడ్డ నీరు పీల్చదు. చివరగా, ఎండ. అతినీలలోహిత కిరణాలు, పూర్తిగా ఆరిపోవడం, ఈ రెండూ క్రిములకు శత్రువులు. ముసురుపట్టిన శ్రావణంలో గుడ్డ ఆరకపోతే ఇస్త్రీపెట్టె వాడండి. అప్పుడు రెండు డైపర్లు ఎక్కువ వాడినా నేనేమీ అనను.

నీటి లెక్క కూడా వేశాం. మా ఇంట్లో రోజూ 15 లీటర్ల బకెట్లు మూడు పట్టాయి, అంటే 45 లీటర్లు. మిషన్ భగీరథ పథకంలో పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్ల లెక్క వేశారు. అందులో దాదాపు సగం!

డబ్బు లెక్క మీరే వేయండి. డైపరు పది రూపాయలనుకొని, రోజుకు ఐదనుకుంటే నెలకు 1,500 రూపాయలు. 2025-26లో తెలంగాణలో ఉపాధిహామీ రోజుకూలి 307 రూపాయలు. నెలలో దాదాపు ఐదు రోజుల కూలి! రెండేళ్లకు డైపర్లు 3,650. చెరువుకట్టమీద దొరికినలాంటివి 3,650 పేర్చి ఊహించుకోండి.

పర్యావరణానికి ఏది మంచిది? గుడ్డే అని తడుముకోకుండా చెప్పాలని నాకూ ఉంది. కాని బ్రిటన్ ప్రభుత్వం 2008లో ప్రకటించిన అధ్యయనం చూస్తే తొందరపడరాదని తెలుస్తుంది. ముడిపదార్థం మొదలు చెత్తకుప్పదాకా లెక్కకట్టి, రెండున్నరేళ్లకు ఒక బిడ్డకు డైపర్లవల్ల సుమారు 550 కిలోల కార్బన్ డైఆక్సైడుకు సమానమైన వాయువులు, గుడ్డలవల్ల 570 కిలోలు వెలువడతాయని తేల్చారు. గుడ్డది ఎక్కువ! కారణం అక్కడివారు వేడినీటి యంత్రంలో ఉతికి, కరెంటు యంత్రంలో ఆరబెట్టడం. అవే గుడ్డలను నిండు యంత్రంలో ఉతికి, ఆరుబయట ఆరవేసి, రెండో బిడ్డకూ వాడితే 40 శాతం తగ్గుతుందని అదే నివేదిక చెప్పింది. పాలంపేటలో ఆరబెట్టే యంత్రం ఏ ఇంట్లో ఉంది? మనకు తీగె, ఎండ ఉన్నాయి. పాత పంచెకు కొత్తగా పత్తి పండించనక్కరలేదు. మన లెక్కలో గుడ్డే నెగ్గుతుంది.

డైపరు మట్టిలో కలవడానికి 500 ఏళ్లు పడుతుందని చాలాచోట్ల చదివి ఉంటారు. ఈ వస్తువు పుట్టి వందేళ్లన్నా కాలేదు. 500 ఏళ్లు ఎవరు చూశారు? అది అంచనా మాత్రమే. మన తరంలో, మీ మనుమల తరంలో దానిలోని ప్లాస్టిక్ పోదని చెబితే చాలు. కాలిస్తే పోతుందిగదా అంటారు. తడిముద్ద సరిగా కాలదు, కమిలి విషపుపొగ వదులుతుంది.

మా ఇంట్లో చివరికి తీర్పు ఇలా వచ్చింది. పగలంతా పంచెగుడ్డలు. రాత్రికి ఒకటి, ప్రయాణమైతే మరొకటి డైపరు. అమ్మాయికి మూడుగంటల నిద్ర దక్కింది. రోజుకు ఐదు డైపర్లు కావలసినచోట ఒకటయింది.

ఆ ఒకదాన్ని ఏమి చేయాలి? 2016 ఘనవ్యర్థాల నియమాలు వాడిన డైపరును విడిగా గట్టిగా చుట్టి ఇవ్వాలని, చుట్టడానికి సంచులు తయారీదారులే ఇవ్వాలని చెప్పాయి. మేము కొన్న పొట్లంలో సంచులేవీ లేవు. 2019లో పల్లెప్రగతి మొదలైనప్పటినుండి పంచాయతీ ట్రాక్టరు వాకిటికి వస్తుంది, నిజమే. కాని ఆ చెత్తను చేత్తో వేరుచేసే మనిషికి లోపల ఏముందో ఎలా తెలుస్తుంది? పుణె నగరంలో స్వచ్ఛ్ అనే చెత్త ఏరేవారి సహకార సంఘం ఒక ఉపాయం చెప్పింది. పొట్లంమీద ఎర్రని చుక్క పెట్టండి, చూడగానే విప్పకుండా పక్కన పెడతాం అని. మా తొమ్మిదో తరగతివారు పాత దినపత్రికలు కత్తిరించి, ఒక్కొక్కదానిమీద రూపాయిబిళ్లంత ఎర్రచుక్క వేసి యాభై కాగితాలు ఇచ్చారు. మా ట్రాక్టరు అతనికి ఆ చుక్క అర్థమేమిటో చెప్పిరావడానికి ఇద్దరు పిల్లలు వెళ్లారు. మలాన్ని ముందే దొడ్డిలో పోసి, డైపరును లోపలికి మడిచి, దాని అంటుపట్టీలతోనే బిగించి, ఆ కాగితంలో చుట్టి పొడిచెత్త బుట్టపక్కన విడిగా పెడుతున్నాం.